పాత కార్ల ఇంజన్ భాగాలకు ముడతల రంగు: పద్ధతి, జాగ్రత్తలు

పాత కారు బానెట్ ఎత్తి చూస్తే కొన్ని ఇంజన్ల మీద ట్యాపెట్ కవర్ నున్నగా ఉండదు. కాచిన పాల మీద మీగడ ముడతలు పడ్డట్టు, ఆ కవర్ మీద రంగంతా సన్నని ముడతలతో ఉంటుంది. చేత్తో తడిమితే కరుకుగా తగులుతుంది. దీన్ని ఇంగ్లీషులో రింకిల్ ఫినిష్ అంటారు. క్రాకిల్ అని, క్రింకిల్ అని అనేవారు కూడా ఉన్నారు. ఈ వ్యాసంలో మేము ముడతల రంగు అనే రాస్తున్నాము.

ఈ విషయం మన పోర్టల్లో ఎందుకు అని కొందరు అడగవచ్చు. కోయంబత్తూరు, హోసూరు, బెంగళూరు, ముంబయి, బరంపురం వంటి చోట్ల మన కుటుంబాల పిల్లలు డెంటింగు, పెయింటింగు షెడ్లలో పని చేస్తున్నారు. పాత కార్లను మళ్లీ కొత్తగా చేయించుకునే వారు పెరగడంతో ఈ పని కూడా వారి చేతికి వస్తోంది. రంగు డబ్బా మీద సూచనలు, హెచ్చరికలు అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. చెప్పే మేస్త్రీకి తెలిస్తే సరే, లేకపోతే పని చెడుతుంది, ఒంటికీ చేటు. మా సంఘ సభ్యుల ఇంటి కుర్రవాడు ఒకడు అల్యూమినియం కవర్‌ను కాస్టిక్ సోడా తొట్టిలో వేశాడు. అలా వేయకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. కవర్ గుంటలు పడి పాడైంది, దానికి మారు దొరకలేదు, నష్టం అతని జీతంలోంచి కోశారు. ఆ తరువాతనే ఈ వివరాలన్నీ ఒకచోట తెలుగులో ఉండాలని నిర్ణయించాము. తెలుగు మాట్లాడగలిగి చదవలేని వారికి ఇంట్లో చదవగలిగినవారు చదివి వినిపించగలరని మనవి.

ముడతల రంగు ఏది, ఏది కాదు

కరుకుగా కనిపించే రంగులన్నీ ఒకటి కావు. బజారులో అడిగేటప్పుడు తేడా తెలిసి అడగాలి.

ముడతల రంగులో ఒకే రంగు పొర తనంతట తాను ముడుచుకుంటుంది. కింద వేరే రంగు కనిపించదు. పగుళ్ల రంగు అని ఇంకొకటి ఉంది. అందులో పై పొర ఎండి బీటలు వారి, సందుల్లోంచి కింది రంగు కనిపిస్తుంది. ఇది అలంకరణ సామాను కోసం, ఇంజన్‌కు పనికిరాదు. మూడోది హ్యామర్ టోన్. సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టిన రేకులా మెరుస్తుంది. లేత్ మెషీన్ల మీద, పాత స్టెబిలైజర్ల పెట్టెల మీద మనం చూసినది ఇదే. నాలుగోది పౌడర్ కోటింగులో వచ్చే టెక్స్చర్. దాని సంగతి కింద విడిగా రాశాము.

ముడత ఎలా పడుతుంది

ఈ రంగులో ఎండే గుణమున్న నూనెలు ఉంటాయి. మొదట్లో ఎక్కువగా వాడినది చైనాలో పండే టంగ్ చెట్టు గింజల నూనె. ఈ నూనె గాలిలోని ఆక్సిజన్ తగలగానే పైభాగంలో త్వరగా గట్టిపడుతుంది. దానికి తోడు పైపొరను తొందరగా ఎండించే కోబాల్టు వంటి మందులు కలుపుతారు. అందువల్ల పైన చర్మం కట్టేస్తుంది, కింద రంగు ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ చర్మం కింది పచ్చి రంగులోని ద్రవాన్ని పీల్చుకొని ఉబ్బుతుంది. ఉబ్బినది పక్కకు జరగాలి, కానీ అంచుల్లో పట్టుకొని ఉన్నందున జరగడానికి చోటు లేదు. చోటు లేక పైకి లేచి మడతలు పడుతుంది. ఆ తరువాత కింది రంగు కూడా ఎండి ఆ మడతలు అలాగే నిలిచిపోతాయి.

మామూలు ఎనామెల్ రంగును తలుపుకు మందంగా పూస్తే ముడతలు పడడం అందరం చూసినదే. అక్కడ అది లోపం, ఇక్కడ కావాలని తెప్పించుకుంటున్నది. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే కింద చెప్పే నియమాలన్నీ సులభంగా అర్థమవుతాయి. పొర మందంగా ఉండాలి, పైభాగం కిందిభాగం కంటే ముందు ఎండాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా ముడత పడదు.

టంగ్ నూనె కథలో మనకు ఒక సంబంధం ఉంది. 1937లో చైనా మీద జపాన్ యుద్ధం మొదలయ్యాక ఆ నూనె రవాణాకు ఇబ్బంది వచ్చింది. అప్పుడు రంగుల పరిశ్రమ దానికి బదులుగా నీటి అంశం తీసేసిన ఆముదాన్ని వాడకంలోకి తెచ్చింది. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాల్లో పండే ఆముదం గింజల నూనె కూడా ఆ జాతిదే.

ఎక్కడ పుట్టింది, ఏ ఇంజన్ల మీద ఉంది

ఈ రంగు అమెరికాలో 1930ల నాటికి పెద్ద వ్యాపారంగా మారింది. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో ఉన్న కే అండ్ ఎస్ కంపెనీ దీని పేటెంట్లు గలవాటిలో ఒకటి. పేటెంట్లన్నీ న్యూ రింకిల్ అనే సంస్థ కిందికి చేర్చి, ఇతర కంపెనీలకు లైసెన్సులు ఇస్తూ అమ్మకం ధర కూడా అందులోనే నిర్ణయించారు. దీని మీద అమెరికా ప్రభుత్వం దావా వేసింది. పేటెంటు చేతిలో ఉన్నంత మాత్రాన అందరూ కూడబలుక్కొని ధర కట్టడం చెల్లదని 1952లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఒక రంగు కోసం వ్యవహారం అంతదాకా పోయిందంటే దాని గిరాకీ ఎంతటిదో ఊహించవచ్చు.

గిరాకీకి కారణం అందం ఒక్కటే కాదు. ఇసుక అచ్చులో పోత పోసిన భాగం పైన చిన్న గుంటలు, గరుకు ఉంటాయి. నున్నని రంగు వేస్తే అవన్నీ బయటపడతాయి. వాటిని ఆకురాయితో రుద్ది, పుట్టీ పెట్టి, మళ్లీ రుద్దాలంటే కూలి ఎక్కువ. ముడతల రంగు వేస్తే లోపాలన్నీ ముడతల్లో కలిసిపోతాయి. వెలుతురు పడినా కళ్లకు కొట్టదు. అందుకే రేడియో పెట్టెలు, కొలత పరికరాలు, టైపు మిషన్లు కూడా ఈ రంగుతో వచ్చాయి. మావంటి పాత గుమాస్తాలకు ఈ కరుకు మొదట తెలిసింది ఆఫీసులోని నల్లని టైపు మిషను ఒంటి మీదనే.

కార్లలో ఫెరారీ 250 జీటీ ఇంజన్ల క్యామ్ కవర్ల నల్లని ముడతల రంగు ప్రసిద్ధం. అదే కంపెనీ 1956లో తెచ్చిన రేసు కారుకు టెస్టా రోసా అని పేరు పెట్టింది. ఇటాలియన్‌లో ఎర్ర తల అని అర్థం. క్యామ్ కవర్లకు వేసిన ఎరుపు వల్ల ఆ పేరు వచ్చింది. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1966లో రోడ్డు కార్లకు ఇచ్చిన 426 హెమీ ఇంజన్ వాల్వ్ కవర్లు నల్లని ముడతల రంగువి.

మన దేశంలో ఎక్కువగా తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల సంగతి వేరు. వాటి ట్యాపెట్ కవర్లు రేకుతో నొక్కి చేసినవి, నున్నని రంగుతో వచ్చినవి. యజమాని ముచ్చటపడి ముడతల రంగు అడిగితే వేయవచ్చు. కానీ పాత రూపం ఏమిటో ముందే చెప్పి వేయడం మంచిది. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధన ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న రెండు, నాలుగు చక్రాల వాహనాలకు వింటేజ్ గుర్తింపు ఇస్తారు. వాటికి నంబరులో వీఏ అనే అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకోవడానికి 5,000 రూపాయలు రుసుము. అసలు రూపానికి విలువ పెరిగింది కాబట్టి, పాత భాగం చేతికి వచ్చినప్పుడు ముందు అన్ని వైపులా ఫోటో తీసి పెట్టుకోవాలి. ముడతలు ఎంత సన్నం, ఎక్కడ రంగు లేకుండా లోహం వదిలేశారు, అక్షరాలకు ఏ రంగు అనేవి ఆ ఫోటోలోనే ఉంటాయి.

పాత కార్లను దగ్గరగా చూడదలచిన వారికి కోయంబత్తూరులో జీడీ కార్ మ్యూజియం ఉంది. తెలుగు మాట్లాడే కుటుంబంలో 1893లో పుట్టి, బస్సుల వ్యాపారంతో మొదలుపెట్టి యంత్రాలు తయారుచేసిన జి.డి. నాయుడు గారి పేరు మీద నడిచే ధర్మ సంస్థ దాన్ని నిర్వహిస్తోంది.

ఏ భాగానికి వేయవచ్చు

ట్యాపెట్ కవర్, క్యామ్ కవర్, ఎయిర్ క్లీనర్ డబ్బా, ఇన్‌టేక్ మానిఫోల్డ్, చిన్న బ్రాకెట్లు, డ్యాష్‌బోర్డు ప్లేట్లు వీటికి వేయవచ్చు. ఇంజన్ నడిచేటప్పుడు ట్యాపెట్ కవర్ వేడి సుమారు 100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. కార్ల కోసం అమ్మే ముడతల రంగులు సాధారణంగా 175 డిగ్రీల చుట్టుపక్కల వరకు ఓర్చుకుంటాయి. డబ్బా మీద ఆ అంకె ఉంటుంది, తప్పక చూడాలి. ఫారెన్‌హీట్‌లో 350 అని ఉంటే సెల్సియస్‌లో అది సుమారు 177.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు వేయకూడదు. దాని వేడి 500 డిగ్రీలు దాటగలదు, రంగు మాడి పొగ వస్తుంది. రేడియేటర్‌కు వేయకూడదు, మందపు పొర వేడిని బయటికి పోనివ్వదు. పెట్రోలు ఎప్పుడూ కారే చోట, అంటే కార్బురేటర్ ఒంటికి కూడా వద్దు.

పాత రంగు తీయడం, శుభ్రం చేయడం

పనిలో సగం కంటే ఎక్కువ ఇక్కడే. రంగు ఊడిపోయిందని వచ్చే ఫిర్యాదులకు కారణం చాలావరకు రంగు కాదు, కింద మిగిలిన నూనె.

మొదట భాగం ఏ లోహమో తేల్చుకోవాలి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే అల్యూమినియం కావచ్చు, కొన్ని రేసు ఇంజన్లలో మెగ్నీషియం కావచ్చు. ఇనుప రేకు కవర్‌ను కాస్టిక్ సోడా నీళ్లలో వేసి రంగు తీయవచ్చు. అల్యూమినియాన్ని మాత్రం ఆ తొట్టిలో వేయనే కూడదు. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు పుడుతుంది. మెగ్నీషియం అని అనుమానం ఉంటే గ్రైండర్ పెట్టవద్దు. దాని పొడి నిప్పు అంటుకుంటే నీళ్లు పోసి ఆర్పలేము, నీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది.

అల్యూమినియానికి పెయింట్ రిమూవర్ పూసి, మెత్తబడిన రంగును చెక్క పలకతో గానీ ప్లాస్టిక్ పలకతో గానీ గీకాలి. పాత గాస్కెట్ అంటుకుని ఉంటే పొడిగా గీకకూడదు. పాత గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. నీళ్లతో బాగా తడిపి, తడిగానే తీసి, కవర్లో మూటగట్టి పారవేయాలి.

గాజు పూసలతో బ్లాస్టింగ్ చేయించేవారు ఒక సంగతి గమనించాలి. చాలా ట్యాపెట్ కవర్ల లోపల నూనె చిందకుండా రివెట్లతో బిగించిన రేకు గూడు ఉంటుంది. బ్లాస్టింగ్ పూసలు ఆ గూట్లోకి దూరితే గాలి కొట్టినా రావు. ఇంజన్ వేడెక్కాక నూనెతో కలిసి జారి బేరింగుల్లోకి వెళతాయి. కవర్‌కు రంగు వేసిన పాపానికి ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది. కాబట్టి లోపలి వైపు, రంధ్రాలు అన్నీ మూసి బయటి వైపు మాత్రమే బ్లాస్ట్ చేయాలి. గూడు విప్పగలిగితే విప్పేయడం ఇంకా మంచిది.

ఆ తరువాత వేడి సబ్బు నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి ఆరబెట్టాలి. పోత భాగాలకు కంటికి కనబడని సూది రంధ్రాలుంటాయి, వాటిలో ఏళ్ల తరబడి నూనె ఇంకి ఉంటుంది. కడిగిన భాగాన్ని ఓవెన్‌లో 120 నుంచి 150 డిగ్రీల వేడిలో ఒక గంట ఉంచితే ఆ నూనె చెమటలా బయటికి వస్తుంది. చల్లారాక థిన్నర్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవాలి. గుడ్డకు మరక అంటినంత కాలం మళ్లీ వేడి, మళ్లీ తుడుపు. మరక రాకపోతే భాగం సిద్ధమైనట్టు. ఇక చేత్తో తాకకూడదు, వేలి జిడ్డు చాలు రంగు పట్టకుండా చేయడానికి.

యానాం, బరంపురం, ముంబయి వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల శుభ్రం చేసిన ఇనుము రాత్రికి రాత్రే తుప్పు రంగు తిరుగుతుంది. అక్కడ శుభ్రం చేసిన రోజే పూత వేయాలి.

ప్రైమర్ అవసరమా అంటే, రంగు కంపెనీ ఏం చెబితే అది. అల్యూమినియానికి ఎచ్ ప్రైమర్ సాధారణంగా మేలు చేస్తుంది. కానీ ముడతల రంగులోని ద్రవం ఎక్కువసేపు తడిగా ఉంటుంది కాబట్టి, పొంతన లేని ప్రైమర్ అయితే అది కూడా ఉబ్బి లేస్తుంది. ప్రైమర్, రంగు ఒకే కంపెనీవి తీసుకోవడం క్షేమం.

గాస్కెట్ కూర్చునే అంచు, బోల్టు తల కూర్చునే చోటు, మరలు, ఎర్త్ వైరు బిగించే చోటు వీటికి మాస్కింగ్ టేపు వేయాలి. బోల్టు కింద మందపు రంగు ఉంటే వేడికి నలిగి బోల్టు వదులవుతుంది, నూనె కారుతుంది.

పూత వేసే విధానం

అసలు భాగం మీద వేసే ముందు అదే లోహపు పనికిరాని ముక్క మీద వేసి చూడాలి. మేము ఇక్కడ ఒక గుమాస్తా సలహా ఇస్తున్నాము. ఒక నోటుబుక్కులో గీతలు కొట్టి తేదీ, ఆ రోజు వేడి, వాన లేదా పొడి వాతావరణం, ఎన్ని పూతలు, మధ్యలో ఎన్ని నిమిషాలు, ఎంత వేడి పెట్టారు, ముడత ఎలా వచ్చింది అని రాసి పెట్టుకోండి. ఆరు నెలల తరువాత అలాంటిదే ఇంకొక కవర్ వస్తే ఆ పుస్తకమే మేస్త్రీ.

భాగాన్ని, డబ్బాను గది వేడిలో ఉంచాలి. 20 నుంచి 30 డిగ్రీలు అనుకూలం. స్ప్రే డబ్బాను లోపలి గుండు చప్పుడు మొదలైన తరువాత కూడా రెండు నిమిషాలు బాగా ఊపాలి. రంగు వేయవలసిన ముఖం నేలకు సమానంగా పైకి ఉండేలా పెట్టాలి. నిలువుగా పెడితే మందపు పూత కిందికి జారుతుంది.

డబ్బా మీద వేరుగా చెప్పకపోతే మూడు పూతల పద్ధతి ఇది. సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి మొదటి పూత ఎడమ నుంచి కుడికి వేయాలి. ఐదు నిమిషాలు ఆగాలి. రెండో పూత పైనుంచి కిందికి. మళ్లీ ఐదు నిమిషాలు. మూడో పూత ఏటవాలుగా, మూల నుంచి మూలకు. ఇలా దిక్కులు మార్చడం వల్ల పొర అన్ని చోట్ల ఒకే మందంలో వస్తుంది. మామూలు రంగుకు పలచని పూతలు మేలు అని నేర్చుకున్న చేయి ఇక్కడ మొహమాటపడుతుంది. మొహమాటం వద్దు, ప్రతి పూత తడిసినట్టు నిండుగా పడాలి. అంచులు, మూలలు, బోల్టు గుంటల చుట్టూ పలచబడతాయి కాబట్టి ముందు అక్కడ వేసి తరువాత మధ్యకు రావాలి.

పొర మందం పెరిగితే ముడతలు లావుగా, తగ్గితే సన్నగా వస్తాయి. ఫోటోలో చూసిన పాత ముడతలను బట్టి నమూనా ముక్క మీద మందం సరిచూసుకోవాలి.

వేడి పెట్టడం

మూడో పూత తరువాత ఐదు, పది నిమిషాలకు ముడతలు మొదలు కావచ్చు, గంట కూడా పట్టవచ్చు. కాస్త వేడి తగిలితే త్వరగా, సన్నగా, సమంగా వస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నపు ఎండ ఒక్కోసారి చాలు, దుమ్ము పడకుండా చూసుకోవాలి. హీట్ గన్ అయితే ఒక అడుగు దూరంలో ఉంచి, ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. పూత వేసిన చోటే హీట్ గన్ పెట్టకూడదు. గాలిలో రంగు ఆవిరి ఉంటుంది, నిప్పు అంటుకోవచ్చు. భాగాన్ని గాలి ఆడే వేరే చోటికి మార్చి వేడి పెట్టాలి.

ముడతలు పూర్తిగా పడి, ఆవిరి చాలావరకు పోయాక ఓవెన్‌లో సుమారు 90 నుంచి 95 డిగ్రీల వేడిలో ఒక గంట ఉంచితే రంగు గట్టిపడుతుంది. పచ్చి రంగుతో మూసిన ఓవెన్‌లో పెట్టకూడదు. వంటకు వాడే ఓవెన్‌ను ఈ పనికి ఎప్పుడూ వాడకూడదు, ఈ పనికి వాడినదాన్ని మళ్లీ వంటకు వాడకూడదు. ఓవెన్ లేకపోతే కనీసం కొన్ని రోజులు ఆరనివ్వాలి, అప్పటిదాకా పెట్రోలు గానీ నూనె గానీ తగలనివ్వకూడదు.

కవర్ మీద ఉబ్బెత్తు అక్షరాలు ఉంటే వాటి మీద కూడా రంగు వేసేయాలి. మరుసటి రోజు 320 నంబరు వాటర్ పేపర్‌ను చదునైన చెక్కముక్కకు చుట్టి అక్షరాల పైభాగం మాత్రమే మెల్లగా రుద్దితే లోహం మెరుస్తూ బయటికి వస్తుంది. పేపర్‌ను వేళ్లతో పట్టి రుద్దితే పక్క ముడతలు కూడా అరుగుతాయి.

లోపాలు, కారణాలు

అక్కడక్కడ నున్నగా మెరుస్తూ మిగిలితే అక్కడ పూత పలచబడింది. ముడతలు మరీ లావుగా, గడ్డలుగా ఉంటే పూత మరీ మందమైంది. ఎక్కడా ముడత పడకపోతే పూతల మధ్య ఎక్కువసేపు ఆగి కింది పొర ఎండిపోయింది, లేదా వాతావరణం చల్లగా ఉంది. మొదట ముడత పడి, వేడి తగిలాక పొక్కులు లేస్తే పోత రంధ్రాల్లో నూనె మిగిలింది. పెచ్చుగా ఊడిపోతే జిడ్డు లేదా ప్రైమర్ పొంతన కుదరలేదు.

ఈ రంగులో అతుకు పని కుదరదు. ఒక మూల చెడితే ఆ మూలకు మాత్రమే మళ్లీ వేస్తే తేడా దూరం నుంచే తెలుస్తుంది. మొత్తం తీసి మళ్లీ వేయడమే. అందుకే ధర చెప్పేటప్పుడు రంగు డబ్బా ఖరీదును కాదు, శుభ్రం చేసే గంటలను లెక్క కట్టుకోవాలి. మన పిల్లలు ఇక్కడే నష్టపోతున్నారు.

పౌడర్ కోటింగ్

ఇప్పుడు చాలామంది యజమానులు పౌడర్ కోటింగ్ అడుగుతున్నారు. కరెంటు ఛార్జి ఎక్కించిన పొడిని భాగం మీద చల్లి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కరిగించి గట్టిపరుస్తారు. ముడత గుణం పొడిలోనే ఉంటుంది. గట్టిదనంలో, రసాయనాలకు ఓర్చుకోవడంలో ఇది మెరుగు, థిన్నర్ ఆవిరి లేదు కాబట్టి పనివారి ఊపిరికి కూడా మేలు. కానీ దాని ముడత తీరు పాత రంగు ముడతలా అచ్చంగా ఉండదు, తెలిసినవారు గుర్తుపడతారు. రోజూ తిప్పే బండికి పౌడర్, ప్రదర్శనకు పెట్టే అసలు రూపపు బండికి ముడతల రంగు అని మా అభిప్రాయం.

ఒంటికి, షెడ్డుకు జాగ్రత్తలు

ఈ భాగాన్ని మేస్త్రీలు తమ పనివారికి తప్పక చదివి వినిపించగలరు.

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమం 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. పాత కారు రంగులు అంతకు ఎంతో ముందువి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరిలోకి, బట్టల మీదకి, అక్కడి నుంచి ఇంట్లో పిల్లల దాకా వెళుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేటు. నీళ్లతో తడిపి రుద్దాలి, పని బట్టలు షెడ్డులోనే మార్చుకోవాలి, తినే ముందు చేతులు సబ్బుతో కడగాలి.

ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే థిన్నర్ ఆవిరి ఆగదు. కరోనా నాటి మాస్కు కూడా ఆపదు. బొగ్గు డబ్బీలు ఉండే ఆవిరి మాస్కు కావాలి. వాసన తగలడం మొదలైతే డబ్బీ మార్చాలి. ఈ ఆవిరి గాలి కంటే బరువైనది, సర్వీసు గుంటలో, నేల మీద నిలుస్తుంది. బీడీ, గ్యాసు స్టవ్, దేవుడి పటం ముందు దీపం ఏదైనా దగ్గర ఉండకూడదు.

రంగు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పారేయకూడదు. ఎండే నూనె ఆక్సిజన్ పీల్చేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోక, ఎవరూ నిప్పు పెట్టకుండానే గుడ్డ అంటుకోగలదు. రంగును ముడత పెట్టే గుణమే ఇక్కడ షెడ్డును కాల్చే గుణం. గుడ్డలను పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయాలి.

తరువాతి సంరక్షణ

ముడతల్లో దుమ్ము చేరుతుంది. మెత్తని బ్రష్షు, సబ్బు నీళ్లు చాలు. పాలిష్, మైనం రుద్దకూడదు. ముడతల సందుల్లో తెల్లగా ఇరుక్కొని మళ్లీ రాదు.

పని మాటలు

తుప్పు, పోత, పూత, పొర, కరుకు, నునుపు, ఆకురాయి, పెచ్చు, పొక్కు, ముడత. ఇవి పుస్తకాల్లో వెతికి తెచ్చిన మాటలు కావు, మన పెద్దవాళ్లు కొలిమి దగ్గర, మిల్లుల్లో వాడినవే. షెడ్డులో తమిళం, కన్నడం, మరాఠీ, ఒడియా, హిందీ కలిసిపోవడం సహజం, దాన్ని తప్పు పట్టడం లేదు. అయితే చేతి పని నేర్పేటప్పుడు సొంత మాటలో చెబితే కుర్రవాడు రెండోసారి అడగడానికి సిగ్గుపడడు. అడిగితే కవర్ దక్కుతుంది, ఒళ్లు దక్కుతుంది.

మీ ఊళ్లో ఈ రంగును, ఈ పనిముట్లను ఏమని పిలుస్తారో మాకు రాసి పంపగలరు. వచ్చిన మాటలను ఊరి పేరుతో సహా ఈ వ్యాసం చివర చేర్చుతాము. షెడ్డులో పని చేసే మన పిల్లలకు ఈ వ్యాసం చేరేలా చూడవలసిందిగా అన్ని ఊళ్ల సంఘాల కార్యదర్శులకు మనవి.